అప్‌డేట్: వారసత్వ ప్రాంతంలో పాతిల్లు, చెక్క కిటికీలు – చివరికి ఏం తేలిందంటే

వారసత్వ ప్రాంతంలో ఉన్న మా పాతింటికి వీధి వైపు చెక్క కిటికీలు పీకేసి యూపీవీసీవి (గట్టి ప్లాస్టిక్‌వి) పెట్టొచ్చా, పెచ్చులూడుతున్న గోడకి సిమెంట్ కొట్టించొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

పనికొచ్చిన సలహా ఒక్కటే: "దరఖాస్తు పెట్టకముందే అనుమతులిచ్చే ఆఫీసుకి వెళ్లి మాట్లాడండి". వెళ్లాను. మా ఇల్లు విడిగా వారసత్వ కట్టడాల జాబితాలో లేదట, వారసత్వ ప్రాంతం హద్దులో మాత్రమే ఉందట. కాబట్టి మా విషయంలో వీధిలోంచి కనిపించేదానికే నిబంధనలు. లోపలి మార్పుల గురించి నెలరోజులు ఊరికే నిద్ర పాడుచేసుకున్నాను. అదే కలపతో, అదే కొలతలో రిపేరైతే ఆఫీసులోనే అనుమతి ఇచ్చేస్తారు. మార్చేస్తానంటేనే కమిటీకి వెళ్తుంది.

పాత కట్టడాల ఇంజినీరు వచ్చి స్క్రూడ్రైవర్‌తో ఫ్రేమంతా పొడిచి చూశారు. కింది నాలుగంగుళాలే మెత్తగా దిగింది, మిగతాదంతా రాయిలా ఉంది. పుచ్చిన మేర కోసి కొత్త ముక్క అతికించారు. అతుకు దగ్గరికెళ్తే కనిపిస్తుంది. దాచక్కర్లేదు, కొత్తది కొత్తదని తెలియాలని 1964 వెనిస్ చార్టర్‌లోనే (పాత కట్టడాల పరిరక్షణకి అంతర్జాతీయంగా రాసుకున్న సూత్రాలు) ఉందన్నారు.

గోడది వేరే కథ. సున్నంతో కట్టిన గోడకి ఎవరో ఎప్పుడో సిమెంట్ పూశారు. లోపలి తడి బయటికి పోలేక, ఉప్పు పేరుకుని పెచ్చులు లేపుతోంది. నేను మళ్లీ సిమెంటే కొట్టించబోయాను! అది చెక్కించి సున్నం పూత వేయించాం.

నా ప్రశ్న కింద రంగు గురించి జరిగిన వాదనంతా మా కేసులో అక్కరకు రాలేదు, ఎవరూ అడగనేలేదు. పని మొదలుపెట్టకముందు తీసిన ఫోటోలు మాత్రం రెండుసార్లు అడిగారు.