కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప మేత ముట్టడం లేదు, ఎలా తినిపించాలి?

ప్రశ్న: నీలితొట్టి (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో సుమారు 400 లీటర్ల ఉప్పునీటి ఆక్వేరియం ఉంది. ఏడాది పైబడి నడుస్తున్న ఈ తొట్టిలో ఒక క్లౌన్ చేపల జంట, ఒక సెయిల్‌ఫిన్ టాంగ్, రెండు డామ్‌సెల్ చేపలు ఆరోగ్యంగా ఉన్నాయి. ఇటీవల ఒక కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేపను తెచ్చాను. వచ్చి వారం దాటినా అది మేత ముట్టలేదు. పొడి గుళికల వంక చూడనైనా చూడదు. ఫ్రోజన్ మైసిస్ రొయ్యలను కరిగించి వేస్తే దగ్గరికి వచ్చి, కాసేపు పరికించి, వెనుదిరిగిపోతుంది. ఈలోగా టాంగ్ వచ్చి అంతా తినేస్తుంది. పగలంతా రాళ్ల సందుల్లో మూతి పెట్టి వెతుకుతూనే ఉంటుంది గాని, నా తొట్టిని జీవులేవీ లేని ఎండు రాళ్లతోనే మొదలుపెట్టాను కనుక ఆ సందుల్లో దానికి దొరికేది పెద్దగా ఏమీ ఉండదని అనుకుంటున్నాను.

నీటి ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, సాపేక్ష సాంద్రత 1.025. అమ్మోనియా, నైట్రైటు సున్నా ఉన్నాయి, నైట్రేటు 10 పీపీఎం దగ్గర ఉంది. శ్వాస మామూలుగానే ఆడుతోంది, ఒంటిపై చుక్కలు లేవు. అయితే పొట్ట లోపలికి పోతున్నట్లు కనిపిస్తోంది. ఆకలి ముదిరితే తనంతట తానే తింటుందని అమ్మినవారు చెబుతున్నారు. ఆ మాటను నమ్మి వేచి ఉండటానికి నా మనసు ఒప్పడం లేదు. ఈ చేపను పెంచినవారు దయచేసి మార్గం చెప్పగలరు.

సమాధానం: అలలతీరం (విశాఖపట్నం)

నీలితొట్టి గారూ, మీరు వేచి ఉండకపోవడమే సరైనది. ఆకలేస్తే అదే తింటుందన్న మాట డామ్‌సెల్ చేపలకు చెల్లుతుంది గాని ఈ చేపకు చెల్లదు. అండమాన్ సముద్రం నుంచి జపాన్ దక్షిణ దీవుల దాకా, దిగువన ఆస్ట్రేలియా దాకా పగడపు దిబ్బల దగ్గర, రాతి తీరాల వెంబడి బతికే ఈ చేప పొడవాటి మూతితో పగుళ్లలో దాగిన పురుగులను, చిన్న చిన్న రొయ్యజాతి జీవులను ఒక్కొక్కటిగా ఏరుకుని తింటుంది. నీళ్లలో తేలుతూ వచ్చే చలనం లేని ముక్క దాని దృష్టిలో ఆహారమే కాదు. అందువల్ల ఎదురుగా మేత ఉన్నా అది పస్తు ఉండి చిక్కిపోతుంది. ఏ మేత వేయాలన్న ప్రశ్న కన్నా దాన్ని ఎక్కడ, ఏ రూపంలో చూపించాలన్న ప్రశ్న ఇక్కడ ముఖ్యమైనది.

నా అనుభవంలో అన్నింటికన్నా నమ్మదగినది ఆల్చిప్ప. పచ్చి ఆల్చిప్పను చిప్పతో సహా రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, మరునాడు కరిగాక తెరిచి, మాంసం ఉన్న సగాన్ని రాళ్ల మధ్య, చేప ఎక్కువగా తిరిగే చోట ఆనించి పెట్టండి. ఫ్రీజర్‌లో ఉంచడం వల్ల దానితో వచ్చే పరాన్నజీవులు చాలావరకు చస్తాయి. హార్బర్ నీళ్లలోంచి, మురుగు కలిసే చోట్ల నుంచి ఏరినవి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడవద్దు. ఉడికించినవి, ఉప్పూ కారం పట్టించినవి ఎలాగూ పనికిరావు. చిప్ప అంచుల్లోంచి మాంసాన్ని పీక్కు తినడం ఈ చేపకు పుట్టుకతో వచ్చిన పనికి దగ్గరగా ఉంటుంది కనుక, వారాల తరబడి మైసిస్‌ను కాదన్న చేపలు కూడా చిప్పను చూసి ముందుకు వస్తాయి. రెండు గంటల తర్వాత మిగిలినదాన్ని తీసివేయడం మరవకండి. అది కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది.

దానితోపాటు బతికి ఉన్న పెద్ద ఆర్టీమియాను (ఉప్పునీటిలో పెరిగే చిన్న రొయ్యజాతి జీవులను) ప్రయత్నించండి. వాటి కదలికే చేపను ఆకర్షిస్తుంది. మన తీరం వెంబడి రొయ్యల హ్యాచరీలన్నీ పిల్లలకు ఆర్టీమియానే మేపుతాయి కనుక గుడ్ల డబ్బాలు దొరకడం కష్టం కాదు. లీటరు నీటికి 25 నుంచి 30 గ్రాముల ఉప్పు, 28 డిగ్రీల వేడి, మంచి వెలుతురు, నీళ్లలోకి గట్టిగా గాలి బుడగలు ఉంటే ఒక రోజులో పొదుగుతాయి. కానీ అప్పుడే పొదిగిన పిల్లలు అర మిల్లీమీటరుకు మించవు, ఈ చేప వాటిని లెక్కచేయదు. స్పిరులినా (ఒక రకం నాచు) పొడి వేసి రెండు మూడు వారాలు పెంచితే సెంటీమీటరు దాకా ఎదుగుతాయి. మీ చేప అంతకాలం ఆగలేదు కనుక ప్రస్తుతానికి పెద్దవాటినే ఎక్కడైనా సంపాదించి, పెంపకాన్ని ముందుచూపుగా మొదలుపెట్టండి.

చాలా దుకాణాల్లో ట్యూబిఫెక్స్ పురుగులు ఇస్తారు. మురుగు కాలువల్లో పెరిగేవి కావడంతో నేను వాటిని సిఫారసు చేయను.

ఇక టాంగ్ సంగతి. అది ఉండగా ఈ చేప ధైర్యంగా తినదు. తొట్టి లోపల వేలాడదీసే రంధ్రాల పారదర్శక పెట్టెలో కాపర్‌బ్యాండ్‌ను కొన్నాళ్లు ఉంచి, అక్కడే చిప్పను పెడితే పోటీ ఉండదు.

సమాధానం: ప్రవాళం (డాలస్)

అలలతీరం గారు చెప్పినవాటితో చాలావరకు ఏకీభవిస్తాను. పెట్టె విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. రోజంతా రాళ్లను వెతుకుతూ తిరిగే స్వభావం గల చేపను ఇరుకైన పెట్టెలో బంధిస్తే అది మరింత బెదిరే అవకాశం ఉంది. పైగా దాన్ని వలతో పట్టడమే ఒక పెద్ద ఒత్తిడి. పెట్టెలో పెట్టవలసింది టాంగ్‌ను. టాంగ్ గట్టి చేప, మేతకు వెనుకాడదు, కొన్నాళ్ల బంధనాన్ని తట్టుకుంటుంది. కాపర్‌బ్యాండ్‌కు తొట్టి అంతా ఖాళీగా దొరుకుతుంది.

ఇంకొక మాట. తినకపోవడానికి కారణం రోగం కూడా కావచ్చు. బటర్‌ఫ్లై చేపల్లో మొప్పలకు, చర్మానికి అంటుకునే ఫ్లూక్ పురుగులు తరచుగా కనిపిస్తాయి. చేప రాళ్లకు ఒళ్లు రాసుకోవడం, ఒక వైపు మొప్పతోనే శ్వాస తీసుకోవడం, తల విదిలించడం గమనిస్తే వాటిని అనుమానించాలి. దారంలా తెల్లటి మలం వస్తుంటే పేగుల్లో పరాన్నజీవులు ఉండవచ్చు. ఫ్లూక్‌లకు ప్రాజిక్వాంటెల్ అనే మందు పనిచేస్తుంది. అయితే తొట్టిలో గొట్టపు పురుగుల వంటివి ఉంటే అవీ చస్తాయి కనుక వేరే తొట్టిలో వాడటం మేలు. రాగి మందును మాత్రం ముందుజాగ్రత్త పేరుతో వేయకండి. రాగి చాలా చేపల ఆకలిని తగ్గిస్తుంది, తినని చేపకు దాన్ని ఇవ్వడం ప్రాణం మీదికి తేవడమే. మీరు చెప్పిన లక్షణాల్లో రోగం జాడ లేదు గనుక ముందు ఆల్చిప్పను ప్రయత్నించి, అది విఫలమైతేనే మందుల వైపు వెళ్లండి.

ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌లలో చట్టం నిషేధించినా సయనైడ్‌తో చేపలను పట్టే అలవాటు పూర్తిగా పోలేదు. అలా పట్టిన చేప పైకి బాగానే కనిపించి, తర్వాత కోలుకోకుండా పోవచ్చు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇకముందు ఎవరు ఈ చేపను కొన్నా, దుకాణంలో అది మేత తినడం కళ్లారా చూశాకే డబ్బు చెల్లించాలన్నదే నా ఉద్దేశం.

నీలితొట్టి (హైదరాబాద్)

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. టాంగ్‌ను పెట్టెలోకి మార్చి, ఆల్చిప్పను రాళ్ల మధ్య పెట్టాను. మొదట దూరంగానే తిరిగినా, చివరకు వచ్చి చిప్ప అంచును పొడవడం మొదలుపెట్టింది. ఇప్పుడు పెట్టిన ప్రతిసారీ తింటోంది. మైసిస్‌ను మాత్రం నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోంది. ఆల్చిప్ప ఒక్కదానితోనే నెట్టుకురావచ్చా? టాంగ్‌ను ఎప్పుడు వదలవచ్చు?

సమాధానం: అలలతీరం (విశాఖపట్నం)

చాలా సంతోషం. టాంగ్ విషయంలో ప్రవాళం గారి సలహాయే మెరుగైనదని ఒప్పుకుంటున్నాను. ఉమ్మేయడం చూసి నిరాశ పడకండి. అసలు చూడని చేప నోట్లోకి తీసుకుని రుచి చూసే దాకా వచ్చిందంటే సగం పని అయినట్లే.

ఆల్చిప్ప ఒక్కదాని మీదే ఎక్కువ కాలం ఉంచవద్దు. కొన్ని రకాల చిప్పజీవుల్లో, చేపల్లో బి1 విటమిన్‌ను విరిచే ఎంజైము ఉంటుంది, ఫ్రీజర్‌లో పెట్టినా అది నశించదు. నెలల తరబడి అదే మేత అయితే లోపం ఏర్పడవచ్చు. అందుకని మైసిస్‌ను సన్నగా తరిగి, ఆల్చిప్ప మాంసంలోంచి కారే నీళ్లలో కాసేపు నానబెట్టి, అదే చిప్పలో మాంసంతో కలిపి వేలితో అదిమి పెట్టండి. చేప పాత చోటికే వచ్చి పొడిచినప్పుడు రెండూ కలిసి నోట్లోకి వెళతాయి. రోజులు గడిచేకొద్దీ మాంసం తగ్గించి మైసిస్ పెంచుతూ పోతే, ఒకనాటికి ఖాళీ చిప్పలో మైసిస్ మాత్రమే పెట్టినా తింటుంది. ఆ తర్వాత పొడవాటి గొట్టంతో మైసిస్‌ను చిప్ప పక్కనే నెమ్మదిగా వదలండి. తేలే మేతను కూడా గుర్తించడం అలా అలవాటవుతుంది. ఈ దశలో తొందరపడి చిప్పను ఒక్కసారిగా మానేస్తే మళ్లీ పస్తు పెట్టినట్లవుతుంది.

సముద్రంలో పగడపు దిబ్బల్లో రోజంతా కొద్దికొద్దిగా తినే చేప కనుక ఒకేసారి ఎక్కువ వేయడం కన్నా రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా ఇవ్వడం మంచిది. ఇంత మేత పడితే నైట్రేటు పెరుగుతుంది కాబట్టి స్కిమ్మర్ (నురుగుతో నీటిలోని మలినాలను తీసే పరికరం) కప్పును తరచుగా కడుగుతూ, నీటి మార్పిడి కొంచెం పెంచండి. చేప కోలుకుంటోందా లేదా అన్నది పక్క నుంచి చూస్తే తెలియదు, అది మీకు ఎదురుగా తిరిగినప్పుడు చూడండి. తల వెనుక వీపు మీది కండ నిండుగా ఉంటే బాగుంది, కత్తి అంచులా పలచబడితే మేత చాలడం లేదు.

టాంగ్‌ను ఇప్పుడే వదలకండి. కాపర్‌బ్యాండ్ గొట్టం దగ్గరికి తానే వచ్చి మైసిస్ తినడం స్థిరపడ్డాక వదలండి. అప్పుడు కూడా తొట్టికి ఒక చివర టాంగ్‌కు నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ఆకు క్లిప్పుకు తగిలించి, అది దానిమీద పడ్డాక రెండో చివర కాపర్‌బ్యాండ్‌కు మేత ఇవ్వండి.