కడుపుల బెలూన్ ఏపిచ్చుకున్న, అరుగుదల పాడైతదా?

హన్మకొండ పటేల్:
తెలిసినోళ్లు జర చెప్పున్రి. 104 కిలోలుంటి, బరువు తగ్గనీకె హైదరాబాద్ పోయి ఎండోస్కోపీతోని (నోట్లకెల్లి గొట్టం పంపి) కడుపుల బెలూన్ ఏపిచ్చుకున్న, 550 ఎంఎల్ సెలైన్ నింపిన్రు, ఆరు నెలలకు తీస్తరు. ఇయ్యాల్టికి 12 రోజులు. మొదటి నాలుగు రోజులైతే అడగకున్రి, నీళ్లు తాగినా కక్కుడే. ఇప్పుడు కక్కుడు ఆగింది గని పొద్దుగాల తాగిన రాగి జావ పొద్దుమీకి తేన్పుల్ల వస్తున్నది, పండుకుంటే గొంతు దాక మంట, మోషన్ మూడు రోజులకొకసారి. పేగులు ఖరాబైతయి తీపిచ్చెయ్ బిడ్డా అని మా అమ్మ ఒకటే లొల్లి. తీసినంక మళ్ల మామూలైతదా లేకుంటే గిట్లనే ఉంటదా?

కాజీపేట పోరడు:
నాది పోయిన బతుకమ్మకు తీపిచ్చిన, ఇప్పుడు అన్నీ అరుగుతున్నయి, పరేషాన్ కాకు. తేన్పులు నాకు రెండో నెల దాక ఉండె. రాత్రి ఏడింటి లోపట తిని, రెండు మెత్తలు ఎత్తు పెట్టుకొని పండుకునేటోన్ని. మధ్యల పెద్దమ్మ ఇంట్ల సర్వపిండి కనవడ్తె ఆగలేక సగం తిన్న, కడుపుల రాయి లెక్క కూసున్నది, తెల్లారేదాక నిద్ర లేదు. 17 కిలోలు తగ్గిన, తీసినంక దావతులల్ల పడి 6 మళ్ల వచ్చినయి, గది నా తప్పే.

స్కోపీ రూం నర్సు:
పటేల్ అన్నా, కడుపు నెమ్మదిగ ఖాళీ అయితేనే ఆకలి తక్కువైతది, బెలూన్ చేసే పనే గది. తిన్నది ఎక్కువసేపు నిలుస్తది కాబట్టి తేన్పులు, మంట. కడుపుల యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ గోలి బెలూన్ ఉన్నన్ని రోజులు పరగడుపున ఏసుకోవాలె, మంట తగ్గిందని ఆపొద్దు. తీసినంక కడుపు మళ్ల పాత వేగానికి వస్తది. బెలూన్ పేగులకు తాకది, మోషన్ రాకపోవుడు తిండి నీళ్లు తక్కువై, ఇంకోటి వాంతులకిచ్చే ఆండాన్‌సెట్రాన్‌తోని కూడ మోషన్ బిగబడుతది. అది ఇంక ఏసుకుంటున్నవా? నీళ్లు ఒక్కసారి కాదు, గుటక గుటక రోజంత తాగాలె.
భయపడాల్సినయి వేరే ఉన్నయి. సెలైన్ల నీలిరంగు మందు కలుపుతరు, మూత్రం ఆకుపచ్చగనో నీలంగనో వస్తే బెలూన్ లీకైనట్టు, సెలైన్ కారిపోయిన బెలూన్ కిందికి జారి పేగుల అడ్డం పడితే ఆపరేషనే, అదే రోజు పోవాలె. ఆగిన కక్కుడు మళ్ల మొదలైనా, కడుపు నొప్పి ఈపుకు పాకినా, మోషన్ నల్లగ తారు లెక్క వచ్చినా ఆగొద్దు. వరంగల్‌ల ఏ దవాఖానకు పోయినా ముందుగాల బెలూన్ ఉన్నదని చెప్పు.

పరకాల వదిన:
మింగే బెలూన్ ఉంటదట గదా, స్కోపీ లేకుండ?

స్కోపీ రూం నర్సు:
ఉన్నది వదినా, సుమారు 16 వారాలకు దానంతటదే ఖాళీ అయి మోషన్ల పోతది. అరుగుదల తిప్పలు దాంట్ల కూడ ఉంటయి.

హన్మకొండ పటేల్:
అక్కా, ఆండాన్‌సెట్రాన్ రోజుకు రెండు ఏస్తున్న, ఎవ్వలు ఆపుమనలే. ఇంకోటి, మోకాలు నొప్పికి డైక్లోఫినాక్ గూడ నడుస్తున్నది, బెలూన్ ఏసే ముందు చెప్పుడు మరిచిన.

స్కోపీ రూం నర్సు:
అయ్యో అన్నా, గది ముందుగాల చెప్పాలె గదా! డైక్లోఫినాక్ ఇయ్యాల్నే బంద్ పెట్టు, లోపల బెలూన్ రాసుకుంటున్నది, దానికి తోడు ఈ గోలి పడితే పుండు పడుతది. మోకాలుకు పారాసిటమాల్ నడుస్తదా, ఆండాన్‌సెట్రాన్ ఆపొచ్చునా అని బెలూన్ ఏసిన డాక్టర్‌కు ఇప్పుడే ఫోన్ చేసి అడుగు.

హన్మకొండ పటేల్:
చేస్తున్న అక్కా. మోషన్ రంగు ఇప్పటిదాక మామూలుగనే ఉన్నది.