ఇద్దరూ సాఫ్ట్‌వేర్ అయితే పిల్లలకు ఆటిజం వస్తుందా?

అమీర్‌పేట అన్నయ్య:
మా తమ్ముడు సాఫ్ట్‌వేర్, వచ్చిన సంబంధం అమ్మాయీ సాఫ్ట్‌వేరే. "ఇద్దరివీ కంప్యూటర్ బుర్రలైతే పిల్లలకు ఆటిజం వస్తుంది, కేంబ్రిడ్జి ప్రొఫెసర్ సైమన్ బారన్-కోహెన్ చెప్పాడు" అని మా బావ అడ్డం పడ్డాడు. నిజమేనా?

లెక్కల మాస్టారు:
ఊరికే కొట్టిపారేయకండి. 1997లో ఆయన సర్వే చేస్తే, ఆటిజం పిల్లల తండ్రుల్లో, తాతల్లో ఇంజినీర్లు మామూలు కంటే ఎక్కువ కనిపించారు. తర్వాత నెదర్లాండ్స్ స్కూళ్లలో లెక్క తీశారు. ఐటీ ఉద్యోగాలు ఎక్కువున్న ఐండ్‌హోవెన్‌లో పదివేల మంది పిల్లల్లో 229 మందికి ఆటిజం. హార్లెమ్‌లో 84, ఉట్రెక్ట్‌లో 57. లెక్కలు, యంత్రాల మీద మనసున్న ఇద్దరు జతకడితే ఆ గుణాలు పిల్లల్లో పోగుపడతాయని ఆయన ఊహ. జన్యువుల పాత్ర 80 శాతం దాకా ఉందని 2019లో ఐదు దేశాల అధ్యయనమూ చెప్పింది.

బుజ్జిగాడి అమ్మ:
ఊహ అన్నారు, అదీ మాట. ఐండ్‌హోవెన్ అంకెలు స్కూళ్లు చెప్పినవి, ఒక్కో పిల్లాణ్ణీ పరీక్షించి రాసినవి కావు. ఆ తల్లిదండ్రులు ఏం పని చేస్తారో కూడా అడగలేదు. ఇక 80 శాతం అంటే బిడ్డకు 80 శాతం ముప్పని కాదండీ! జనాభాలో కనిపించే తేడాల్లో జన్యువుల వాటా అది. పైగా కొన్ని జన్యుమార్పులు తల్లిదండ్రుల్లో లేకుండా బిడ్డలోనే కొత్తగా వస్తాయి, తండ్రి వయసుతో పాటు అవీ పెరుగుతాయి.

మా వాడికి ఆటిజం. నేను తెలుగు టీచర్ని, మావారిది ఎరువుల కొట్టు. ఒకప్పుడు తల్లి ప్రేమ చూపకే వస్తుందని బ్రూనో బెటెల్‌హైమ్ లాంటి మనస్తత్వ నిపుణులు ఆడవాళ్లను ఏడిపించారు. ఇప్పుడు పెళ్లిచూపుల్లోనే మొదలుపెడతారా?

న్యూజెర్సీ నుంచి:
ఆటిజం ఉన్నవాళ్లు తమలాంటివాళ్లనే పెళ్లాడటం ఎక్కువని స్వీడన్ రికార్డుల్లో 2016లో తేలిన మాట నిజం. కానీ అక్కడ ఎవరి జోడీని వాళ్లే చూసుకుంటారు. మన సంబంధాల్లో స్వభావం చూసేదెవరు? కులం, ప్యాకేజీ, వీసా! ఉద్యోగం కలిస్తే మనస్తత్వం కలిసినట్టా? మా టీంలో సగం మంది ఎంసెట్ ర్యాంకు చూసి నాన్న చేర్పిస్తే కోడింగ్‌లోకి వచ్చినవాళ్లే. ఒకాయనకైతే ఇప్పటికీ హరికథలంటేనే ప్రాణం.

లెక్కల మాస్టారు:
ఆ పాయింట్ ఒప్పుకుంటాను. ఇంజినీరు డిగ్రీకి ఇంగ్లండ్‌లో ఉన్న అర్థం వేరు, మన దగ్గర వేరు. అయినా పరిశోధన ఆపమనకండి.

బుజ్జిగాడి అమ్మ:
చేయండి మాస్టారూ. సంబంధాలు చెడగొట్టకుండా చేయండి.

అమీర్‌పేట అన్నయ్య:
తండ్రి వయసు సంగతి మా బావకు చదివి వినిపించాను. మా తమ్ముడికి 37. వంకలు పెట్టి పెట్టి ఇంతదాకా తెచ్చింది ఆయనే.