సమస్య: ‘అడవి నడచి వచ్చె నరినిఁ గూల్చ’

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, మొదటి మూడు పాదాలూ మీరు పూరించాలి.

అడవి నడచి వచ్చె నరినిఁ గూల్చ

షరతు ఒక్కటే. పూరణ షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకం మీద ఉండాలి. కథ తెలిసినవాళ్లకి పాదం ఎక్కడిదో ఇట్టే తెలుస్తుంది. నిద్రలో ఉన్న రాజు డంకన్‌ను చంపి స్కాట్లండు గద్దెనెక్కిన మాక్‌బెత్‌కు, బిర్నం అడవి డన్సినేన్ కొండ మీదికి కదిలివచ్చేదాకా నీకు ఓటమి లేదని మంత్రగత్తెలు రప్పించిన ఒక ఆకారం చెబుతుంది. చెట్లను సైన్యంలో చేర్చుకునే మొనగాడెవడని అతను ధీమాగా ఉంటాడు. సమస్య అచ్చుతో మొదలవుతోంది కాబట్టి మూడో పాదం చివర విసంధి (సంధి కలపకుండా వదిలేయడం) దొర్లినా ఈసారికి పట్టించుకోం.

కొత్త కలం:
నమస్కారం. ఇది నా మొదటి పూరణ. తప్పులుంటే చెప్పండి.

కొమ్మ పట్టి సైన్య మంతయు నడువంగ
కొండ మీఁదఁ గాచుకొనెడి బంటు
చూచి వడకి చెప్పెఁ జోద్యమ్ము రాజుతో
అడవి నడచి వచ్చె నరినిఁ గూల్చ

ఏలూరు మాస్టారు:
బాబూ, గణాలు చక్కగా కుదిరాయి. మొదటి పాదంలో యతి తప్పింది, ‘కొ’కి ‘మం’తో మైత్రి లేదు. ‘కొమ్మ పట్టి సైన్యకోటి ముందుకు రాఁగ’ అంటే సరిపోతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు అన్వయంలో ఉంది. ఆ బంటు మాక్‌బెత్ మనిషి. తన రాజు దగ్గరికి వెళ్లి ‘అరినిఁ గూల్చ’ అంటాడా? వాడికి అరి ఎవరు? అసలే మాక్‌బెత్ ఆ కబురు వినగానే, అబద్ధమని తేలితే దగ్గర్లో ఉన్న చెట్టుకే నిన్ను వేలాడదీస్తానని బెదిరిస్తాడు. ‘అరి’ అని కూడా అంటే ఇంకేమైనా ఉందా! ఆ మాట బంటు నోట్లోంచి తీసేసి కవి నోట పెట్టు. ‘చూచి వడకె; నిజమె, చోద్యమ్ము చూడుఁడీ’ అని మార్చి చూడు.

పాలమూరు పద్యం:
షరతుకు లోబడనిది ఒకటి రాశాను, కోపగించుకోకండి.

తండ్రి మాట కొఱకుఁ దమ్మునితోఁ గూడి
సీత జాడ వెదకి సేతు దాఁటి
రావణాసురునకు రాఘవుఁ డెదురయ్యె
అడవి నడచి వచ్చె నరినిఁ గూల్చ

నిర్వాహకుడు:
విరుపు బాగుంది. ‘అడవి’ కర్త కాకుండా కర్మ అయింది. అడవిని నడిచి వచ్చినవాడు రాముడు. మామూలు వారమైతే చప్పట్లు కొట్టేవాణ్ణి. ఇదే విరుపు డంకన్ కొడుకు మాల్కంకి కూడా అతుకుతుంది కదా, ఇంగ్లండు సేనతో బిర్నం అడవి మీదుగానే వచ్చాడు. షరతు దాటారు కాబట్టి లెక్కలోకి తీసుకోను.

విశాఖ తీరం:
అయిదో అంకంలో రాణి చావు కబురు, అడవి కబురు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మధ్యలో ఉన్నది ఆ ‘రేపు, రేపు’ ప్రసంగం మాత్రమే. నా పూరణ అక్కడిది.

రాణి పోయెననుచు రాజుతోఁ జెప్పంగ
రేపు రేపటంచు రేఁడు పలికె
కంటఁ దడియు లేదు, కబురింతలో నందె
అడవి నడచి వచ్చె నరినిఁ గూల్చ

ఏలూరు మాస్టారు:
బాగుందమ్మా! నాటకంలో ఆ రెండు కబుర్ల మధ్య ఎడం ఎంత తక్కువో పద్యంలో కూడా అంతే ఉంది. రెండో పాదంలో ‘రేపు రేపటంచు’ నడక, ఆ ప్రసంగంలోని కాళ్లీడ్చే నడకకు దగ్గరగా వచ్చింది.

కొత్త కలం:
మాస్టారూ, నాకు చెప్పిన తప్పు ఇక్కడా ఉంది కదండీ? కబురు తెచ్చింది బంటే. ‘అరి’ అన్నదీ వాడే.

ఏలూరు మాస్టారు:
ఉంది, గట్టివాడివే! అమ్మా, మూడో పాదం ఇలా మార్చుకుంటారేమో చూడండి: ‘కంటఁ దడియు లేదు, కాలమ్ము చాలదు’. రాణి తర్వాతెప్పుడైనా చనిపోయి ఉండాల్సింది, అప్పుడైతే ఈ మాట వినడానికి తీరిక ఉండేదంటాడు మాక్‌బెత్. ఆ భావమూ కలిసొస్తుంది, బంటూ తప్పుకుంటాడు.

విశాఖ తీరం:
ఇదే బాగుంది. ఇది సమస్యకు కాదు గానీ, రాణి మీదే ఒక తేటగీతి:

నిదురలో లేచి నడయాడు, నిలిచి కడుగుఁ
జేతి నెత్తురు మరకలు చెరుగ వనుచు
నీళ్లు చాలు నీ పనికని నిన్న పలికె
నేఁ డరబ్బుల యత్తరుల్ నేరవయ్యె

నిర్వాహకుడు:
చాలామంది ఇక్కడ సముద్రాన్ని తెస్తారు. సముద్రమంతా కడిగినా ఈ చేతుల నెత్తురు పోదనేది మాక్‌బెత్ మాట, హత్య చేసిన రాత్రే. ఆవిడ అప్పుడు కాసిని నీళ్లు చాలంటుంది. అత్తర్ల మాట ఆవిడకు చివర్లో, నిద్రలో వస్తుంది. మీరు ఎవరి మాట వాళ్లకే ఉంచారు. ఈ వారం నాకు బాగా నచ్చిన పద్యం ఇదే, సమస్యకు సంబంధం లేకపోయినా సరే.

ఎడిన్‌బరా తెలుగు:
ఒక చిన్న సంగతి. చరిత్రలోని అసలు మాక్‌బెత్ 1040 నుంచి 1057 వరకు స్కాట్లండును ఏలాడు. డంకన్ నిద్రలో చావలేదు, యుద్ధంలో పోయాడు. హోలిన్‌షెడ్ అనే ఆయన రాసిన చరిత్రలోంచి కథ తీసుకుని షేక్‌స్పియర్ 1606 ప్రాంతంలో నాటకం రాశాడు, అచ్చయింది 1623లో. అప్పటి రాజు జేమ్స్ తనది బాంకో (నాటకంలో మాక్‌బెత్ చంపించిన స్నేహితుడు) వంశమని చెప్పుకునేవాడు. మంత్రగత్తెల మీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఇక నా పూరణ:

మంత్రగత్తె మాట మదినిండ నమ్మిన
రాజు కనుల నిదుర రాలిపోయె
చంపినట్టి చేయి శత్రువై నిలువంగ
అడవి నడచి వచ్చె నరినిఁ గూల్చ

పాలమూరు పద్యం:
మూడో పాదం దాకా ఊపిరి బిగబట్టి చదివాను సార్. నాలుగో పాదానికి వచ్చేసరికి అడవికి పని లేకుండా పోయింది. శత్రువు తన చేతిలోనే ఉన్నప్పుడు బయటి నుంచి ఇంకొకరు రావడమెందుకు? ‘మాట నమ్మిన’ అనడం మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. వాళ్లు రాజువవుతావన్నారే గానీ చంపమనలేదు. కత్తి గాల్లో కనిపించింది ఇతని బుర్రలోంచే. తప్పును మంత్రగత్తెల మీదికి నెడితే నాటకం పలచబడిపోతుంది.

ఎడిన్‌బరా తెలుగు:
రెండోది ఒప్పుకుంటాను. మొదటిదానికి మాత్రం నా జవాబు: లోపల కూలినవాణ్ణి బయట కూల్చడానికే అడవి వచ్చింది.

ఏలూరు మాస్టారు:
ఆ జవాబు పద్యంలో లేదు నాయనా, వ్యాఖ్యలో ఉంది. అదే పేచీ.

పాలమూరు పద్యం:
నాకు ఇంకో ఆలోచన వచ్చింది. మంత్రగత్తెలు మాక్‌బెత్‌కు ఇచ్చింది సమస్యాపాదమే కదా! అతను ఓడాలంటే అడవి నడవాలి, ఆడదానికి పుట్టనివాడు రావాలి. రెండూ అసంభవమని అతను పాదం పక్కన పెట్టేశాడు. పూరించినవాళ్లు వేరే.

మువ్వు రడిగినట్టి ముడి విప్పలేఁడయ్యె
కొమ్మ నఱకి విప్పెఁ గుఱ్ఱవాఁడు
పాద మిచ్చినట్టి వారి కెఱుక యెట్లు
అడవి నడచి వచ్చె నరినిఁ గూల్చ

నిర్వాహకుడు:
‘పాద మిచ్చినట్టి వారి’ దగ్గర ఆగిపోయాను! ఇందులో ‘అరి’ ఎవరో గొడవే లేదు. మొదటి పాదంలో కర్త ‘రాజు’ లేకపోవడం కొంచెం ఇబ్బందే, సందర్భాన్ని బట్టి తెలుస్తుందని వదిలేద్దాం. మీరు వాడుకోని సరుకు కూడా ఒకటుంది. అడవి జోస్యం చెప్పే మూడో ఆకారం కిరీటం పెట్టుకున్న పసివాడు, వాడి చేతిలో చెట్టు! పాదంతో పాటు పూరణను కూడా కళ్లముందు పెట్టారు. మాక్‌బెత్ తనకు నచ్చిన మాట విన్నాడు, చేతిలో ఏముందో పట్టించుకోలేదు.

విశాఖ తీరం:
హిరణ్యకశిపుడి వరమూ ఇంతే. ఇంట్లో కాదు, బయట కాదు, పగలు కాదు, రాత్రి కాదు. నరసింహుడే పూరణ.

ఏలూరు మాస్టారు:
పోలిక బాగానే ఉందమ్మా, కానీ సగమే. హిరణ్యకశిపుడు తపస్సు చేసి షరతులన్నీ తానే అడిగి తీసుకున్నాడు. పైగా చేసినదానికి ఒక్క రాత్రి కూడా నిద్ర పోగొట్టుకోలేదు. మాక్‌బెత్‌కు చంపిన క్షణం నుంచే నిద్ర లేదు. మన పద్యాల్లో అడవి గురించి బోలెడంత వచ్చింది, ఆ నిద్ర గురించి ఎడిన్‌బరా వారి రెండో పాదం, ఆ తేటగీతి తప్ప ఏమీ రాలేదు.

నిర్వాహకుడు:
అయితే వచ్చే వారం అటే వెళ్దాం. విందులో బాంకో దయ్యం వచ్చి రాజు కుర్చీలో కూర్చునే ఘట్టం. మళ్లీ ఆటవెలదే:

చచ్చినట్టి వాఁడు సభకు వచ్చె

దయ్యం రాజు ఒక్కడికే కనబడుతుందని గుర్తుంచుకోండి.

కొత్త కలం:
‘చ’కి ‘స’ యతి చెల్లుతుందా అండీ?

ఏలూరు మాస్టారు:
నిక్షేపంలా. చ, ఛ, జ, ఝలకు శ, ష, సలతో మైత్రి ఉంది. ఈసారి అన్వయం చూసుకుని రా.