51 డాలర్ల లెక్క మీద రాష్ట్రాలకు దావా వేసే అర్హత ఉందా, లేదా?

కృష్ణాతీరం:
టన్ను కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిస్తే జరిగే నష్టం 51 డాలర్లని (డిస్కౌంట్ రేటు, అంటే రేపటి నష్టాన్ని ఇవాల్టి విలువకు తగ్గించే రేటు, 3 శాతం) 2021 ఫిబ్రవరిలో అమెరికాలో బైడెన్ ప్రభుత్వం లెక్క కట్టింది. మీథేన్‌కు 1,500. దీన్ని కొట్టేయమని మిస్సోరీ ముందుండి నడిపిన రాష్ట్రాల జట్టు ఒకచోట, లూసియానా జట్టు ఇంకోచోట దావా వేశాయి. దావా వేసే అర్హత లేదంటూ ఎనిమిదో సర్క్యూట్ (ఫెడరల్ అప్పీలు కోర్టు) 2022 అక్టోబర్‌లో, అయిదో సర్క్యూట్ 2023 ఏప్రిల్‌లో వాటిని తోసేశాయి. రెండు తీర్పులూ తప్పే అంటాను. ఫెడరల్ సంస్థలు ఈ అంకెల్ని "వాడాలి" అని బైడెన్ ఇచ్చిన 13990 ఆర్డర్‌లో (2025లో రద్దయింది) ఉండేది, "వాడొచ్చు" అని కాదు. ఆజ్ఞ ఇచ్చేశాక ఇంకా నష్టం జరగలేదనడం ఏమిటి?

లెక్కలమాస్టారు:
కృష్ణాతీరం గారూ, "వాడాలి" అన్నది సంస్థల్ని, రాష్ట్రాన్ని కాదు. సుప్రీంకోర్టు లూహాన్ కేసు (1992) నుంచీ అర్హతకు చూసేవి మూడు: వాది మీదే పడిన నష్టం, దానికి ప్రతివాది చర్యే కారణం కావడం, తీర్పుతో అది తీరడం. ఇక్కడ అంకె ముందు సంస్థకు చేరాలి, సంస్థ రూల్ రాయాలి, ఆ అంకె లేకుంటే ఆ రూల్ వచ్చేది కాదని తేలాలి, ఆ రూల్ వల్లే రాష్ట్రానికి ఖర్చు పడాలి. మొదటి మెట్టు దగ్గరే ఉండి నాలుగోదాని నష్టం అడిగారు.

అడ్డరోడ్డు:
2007లో వాతావరణ కేసులో మసాచుసెట్స్ రాష్ట్రం గెలిచింది కదండీ?

లెక్కలమాస్టారు:
గెలిచింది. కానీ అక్కడ ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) వాహనాల ఉద్గారాలను నియంత్రించమన్న పిటిషన్‌ను తిరస్కరించింది. తిరస్కరిస్తే కోర్టుకెళ్లే హక్కు క్లీన్ ఎయిర్ యాక్ట్ (గాలి కాలుష్య చట్టం)లోనే ఉంది. సముద్రం కోసుకుపోయే తీరంలో రాష్ట్రం సొంత భూమి కూడా ఉంది. ఇక్కడ ఈ రెండూ లేవు.

కృష్ణాతీరం:
లూసియానాకు ఆదాయం పోదా? గనుల లీజు చట్టం ప్రకారం నేల మీద ఫెడరల్ లీజుల రాబడిలో సగం రాష్ట్రాలది. ఈ అంకెతో లీజులు తగ్గితే పోయేది నికరమైన డబ్బే. ఈ అంకె వాడొద్దని జిల్లా కోర్టు 2022 ఫిబ్రవరిలో తాత్కాలిక నిషేధాజ్ఞ ఎందుకిచ్చింది మరి?

తుంగభద్ర:
ఆ నిషేధాజ్ఞను అయిదో సర్క్యూట్ మార్చిలోనే ఆపేసింది. ఫలానా లీజు వేలం ఈ అంకె వల్లే ఆగిందని చూపించగలిగితే అది వేరే కేసయ్యేది.

రేగడిమట్టి:
మన రాజ్యాంగం 131వ అధికరణం కింద రాష్ట్రం కేంద్రం మీద నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లొచ్చు. అక్కడా అలా ఉంటే ఈ గొడవే ఉండదు.

తుంగభద్ర:
131లోనూ చట్టబద్ధమైన హక్కు ప్రశ్న ఉండాలి అన్నా, ఊరికే కుదరదు.

కృష్ణాతీరం:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. "వాడాలి" అన్న మాట సంస్థను కట్టేసిందా, లేదా?

లెక్కలమాస్టారు:
కట్టేసింది, చట్టం ఒప్పుకున్నంత మేరకు. అయినా కట్టుబడింది సంస్థే. ఇంకెన్నిసార్లు చెప్పాలి?
ఏం చెయ్యాలో కూడా రాస్తాను. క్లీన్ ఎయిర్ యాక్ట్ రూల్ అయితే ముసాయిదా వచ్చినప్పుడే ఆ అంకె మీద అభ్యంతరం వివరంగా దాఖలు చెయ్యాలి. అప్పుడు చెప్పని వాదన తర్వాత కోర్టు వినదు. తుది రూల్ గెజిట్‌లో పడ్డాక 60 రోజుల్లో పిటిషన్ వెయ్యాలి. అఫిడవిట్‌లో రాష్ట్రం సొంత ఖర్చు చూపించాలి: విద్యుత్ బిల్లు, పర్మిట్ల సిబ్బంది, తగ్గిన రాబడి. చాలామంది మరిచేది ఇంకొకటుంది. ఆ అంకెతో చూపించిన కార్బన్ లాభం సున్నా అనుకుని రూల్ ఖర్చు, లాభాల లెక్క మళ్లీ వెయ్యాలి. అప్పటికీ ఖర్చుకన్నా లాభమే ఎక్కువగా తేలితే అంకె కొట్టేసినా రూల్ నిలబడుతుంది, కేసు పోతుంది.

తుంగభద్ర:
ఈ దారిలో గెలిచినవాళ్లున్నారు. చమురు, గ్యాస్ లీజుల్లో మీథేన్ వృథాను అరికట్టే 2016 రూల్‌ను ట్రంప్ ప్రభుత్వం రద్దు చేస్తూ కేవలం దేశంలోపలి నష్టం లెక్క వాడిందని 2020 జులైలో కాలిఫోర్నియా, న్యూ మెక్సికో నెగ్గాయి. అవి సవాలు చేసింది రూల్‌ను, ఉత్త అంకెను కాదు.

కృష్ణాతీరం:
నెగ్గి ఏం దక్కింది? అక్టోబర్‌లో వ్యోమింగ్ కోర్టు అసలు 2016 రూల్‌నే కొట్టేసింది. ఒక్కో రూల్ వెంట ఏళ్ల తరబడి పరుగెత్తమంటారు. ఈలోగా అంకె పది రూల్స్‌లోకి పాకుతుంది. పెట్టుబడులు మారిపోయాక తీర్పు ఎవరికి కావాలి?

లెక్కలమాస్టారు:
మీ బాధ అర్హత గురించి కాదు. లోకం మొత్తం మీద పడే నష్టాన్ని అమెరికా లెక్కలో కలపడం మీకు నచ్చలేదు. ఆ మాట మొదటే అని ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు.

కృష్ణాతీరం:
నచ్చలేదు, నిజమే. పన్ను కట్టేది, బొగ్గు గని మూసుకునేది ఇక్కడి జనం. ఆ లెక్క చట్టసభలో తేలాలి. అక్కడ తేలనిదాన్ని కనీసం కోర్టు అయినా చూడాలి.

లెక్కలమాస్టారు:
2017లో ట్రంప్ ఆర్డర్ తర్వాత అదే అంకె 1, 7 డాలర్ల మధ్యకు దిగింది. 2025 జనవరి 20న ట్రంప్ 14154 ఆర్డర్ ఈ అంకె కట్టిన ప్రభుత్వ వర్కింగ్ గ్రూపునే రద్దు చేసింది. మీరడిగే తలుపు తెరిస్తే కాలిఫోర్నియా కూడా అందులోంచే వస్తుంది.

కృష్ణాతీరం:
రానివ్వండి. అప్పుడు వాదించాల్సింది డిస్కౌంట్ రేటు మీద. అదే 2021 పట్టికలో 5 శాతానికి 14 డాలర్లు, 2.5 శాతానికి 76. ఏ జడ్జీ ముందూ ఎవరూ రుజువు చెయ్యకుండా ఆ తేడాను ఎవరు ఖాయం చేశారో చెప్పండి.