ఈచ్-వే పందెంలో గిట్టుబాటు ఎక్కడ? మూడోది వచ్చినా పైసా రాలేదేంటి?

బెజవాడ_బావ:
మా బావమరిది ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటాడు. శనివారం వస్తే గుర్రాల మీద 5 పౌండ్లు ఈచ్-వే, అంటే మొత్తం 10, సగం గెలుపు మీద, సగం ప్లేస్ మీద, అంటే మొదటి రెండు మూడు స్థానాల్లో వస్తే చాలు. నేనేమో గవర్నర్‌పేటలో టీ బంకు దగ్గర కూర్చుని నోట్‌బుక్కులో ఉత్తుత్తి పందేలు రాసుకుంటాను, రూపాయి కూడా పెట్టను. మూడు నెలల లెక్క తీస్తే ఒకటికి 20, ఒకటికి 33 ఇచ్చే గుర్రాలన్నీ నిలువునా ముంచాయి. పైగా మొన్న వాడి గుర్రం మూడోది వచ్చినా ఏమీ ఇవ్వలేదట, బుకీ, అదే పందేలు కట్టించుకునేవాడు, మోసం చేశాడని ఒకటే గోల. అసలు దీంట్లో గిట్టుబాటు ఉందా అన్నా?

లెక్కల_పిచ్చి:
పెద్ద రేటు చూసి పడిపోకు తమ్ముడూ, చూడాల్సింది ప్లేస్ సగం. అక్కడ 8 గుర్రాలుంటే మామూలుగా మొదటి మూడింటికి, గెలుపు రేటులో ఐదో వంతు ఇస్తారు. ఫేవరెట్, అంటే అందరూ గెలుస్తుందనుకునే గుర్రం, బాగా గట్టిదనుకో, గెలిచే అవకాశం 60 శాతం దానికే. దాని తర్వాతి గుర్రం రేటు ఒకటికి 5, నీ లెక్కలో అది గెలిచే అవకాశం 14 శాతమే. గెలుపు మీద వంద రూపాయల చొప్పున వంద పందేలు వేస్తే గెలిచినప్పుడల్లా పెట్టిన వందతో కలిపి 600, అంటే 10,000కి 8,400 వస్తాయి, నష్టమే. కానీ ప్లేస్ రేటు 5లో ఐదో వంతు, ఒకటికి ఒకటి, ఆ గుర్రం మొదటి మూడింట్లో ఉండే అవకాశమేమో సుమారు 60 శాతం, అంటే 10,000కి 12,000. రెండూ కలిపితే 20,000కి 20,400. ఫేవరెట్ గెలుపు వాటా అంతా లాగేసుకుంటుంది గానీ మూడు ప్లేసులూ అదే తినలేదుగా, కిటుకంతా అక్కడే. ఆ 14, 60 నువ్వు సరిగ్గా అంచనా కట్టగలగాలి, అది వేరే తలనొప్పి.

మిర్చియార్డు_గుంటూరు:
మా యార్డు భాషలో చెప్తా. తేజ అంటే మంచి మిర్చి, తాలు అంటే రంగు పోయిన నాసిరకం; రెండూ కలిపి ఒకే లాటుగా కొంటే తాలుకి నాలుగు డబ్బులు ఎక్కువ పోయినా తేజలో లాగొచ్చు, కానీ టిక్కీ (మిర్చి బస్తా) విప్పి చూడకుండా రేటు చెప్పేవాడు మునుగుతాడు. నీ 33లు అలాంటివే. ఈచ్-వే కోసం చూస్తే 16, అంతకు మించి గుర్రాలుండే హ్యాండిక్యాప్‌లు (బలమైన గుర్రానికి ఎక్కువ బరువు మోయించే పందేలు) కూడా చూడు, నాలుగు ప్లేసులు, నాలుగో వంతు రేటు.

మలక్‌పేట_పాతకాపు:
ఈ కిటుకు పట్టుకుని విజయవాడలో రైలెక్కి హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సుకి వచ్చేయకండి బాబూ. ఇక్కడి టోట్‌లో, అంటే అందరి డబ్బూ ఒకచోట వేసి గెలిచినవాళ్లకి పంచే పద్ధతిలో, విన్ టికెట్ వేరు, ప్లేస్ టికెట్ వేరు, ఐదో వంతు లాంటి లెక్కేం ఉండదు, ప్లేస్ మీద పడ్డ డబ్బునే కోత పోగా పంచుతారు. అందరూ ఆ గుర్రం మీదే వేస్తే డివిడెండ్, అదే మన వాటాకి వచ్చేది, చూసి నవ్వొస్తుంది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి పందేల మీద జీఎస్టీ 40 శాతం, అంతకుముందు 28 ఉండేది. లెక్కల మాస్టారు పైన చూపించిన మిగులు నూటికి 2 రూపాయలు, అది ఏ మూలకి? ఆన్‌లైన్‌లో వేద్దామంటే ఏపీలో 2020 నుంచే నిషేధం. నీ నోట్‌బుక్కే బెస్టు.

బెజవాడ_బావ:
థాంక్స్ అన్నా, 33లు కొట్టేశా. మరి మా వాడి మూడో ప్లేసు సంగతి?

లెక్కల_పిచ్చి:
స్లిప్పు కొన్నప్పుడు ఎన్ని గుర్రాలు, పరిగెత్తినవి ఎన్ని అని అడుగు. చివర్లో ఒకటి తప్పుకుని 8 కాస్తా 7 అయితే ప్లేసులు రెండే. రేటు నాలుగో వంతుకి మారుతుంది గానీ మూడోదానికి సున్నా.

బెజవాడ_బావ:
ఇప్పుడే ఫోన్ చేశా. ఏడే పరిగెత్తాయంట. బుకీని తిట్టిన తిట్లు వెనక్కి తీసుకోడంట, ఆ తప్పుకున్న గుర్రాన్ని తిడుతున్నాడు.