సేఫ్టీ ఆఫీసర్ నుంచి సేఫ్టీ ట్రైనర్‌గా మారాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పరవాడ_కెమిస్ట్: బీఎస్సీ కెమిస్ట్రీ, ఆపైన ఇండస్ట్రియల్ సేఫ్టీలో అడ్వాన్స్‌డ్ డిప్లొమా. ఆరేళ్ళుగా బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంటులో సేఫ్టీ ఆఫీసర్‌ని. ఇకమీద సొంతంగా ట్రైనింగులు ఇద్దామనుకుంటున్నా. నెబోష్ (బ్రిటన్ సంస్థ ఇచ్చే సేఫ్టీ సర్టిఫికెట్) చేయాలా? ఆన్‌లైన్‌లో అమ్ముతున్న "ఓషా 30 గంటల" సర్టిఫికెట్ పనికొస్తుందా? ఏ టాపిక్‌తో మొదలుపెట్టాలి?

ఈహెచ్ఎస్_పాతకాపు: ఓషా సంగతి ముందు. అది అమెరికా కార్మికశాఖ కార్యక్రమం. జనరల్ ఇండస్ట్రీకి ట్రైనర్ కావాలంటే ఐదేళ్ళ సేఫ్టీ అనుభవం ఉండాలి, 511 కోర్సు, తర్వాత 501 పాసవ్వాలి, నాలుగేళ్ళకోసారి అప్‌డేట్ కోర్సు చేయాలి. ఆ క్లాసులు అమెరికా చట్టపరిధిలోనే జరగాలి. ఇక్కడ ఎవరో పీడీఎఫ్‌లో పంపే కాగితం ఆ శాఖ కార్డు కాదు, డబ్బు దండగ. నెబోష్ ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్‌కి గల్ఫ్‌లో విలువుంది. ఒక ఓపెన్ బుక్ పరీక్ష, ఒక రిస్క్ అసెస్‌మెంట్. రెండూ రాతపనే, పాఠం చెప్పడం అందులో నేర్పరు. గల్ఫ్ ఆలోచన లేకపోతే మీ డిప్లొమా చాలు.

పర్మిట్_మాస్టర్: టాపిక్ ఒక్కటే పట్టుకోండి, దాన్నే చేతులతో చేయించండి. బల్క్ డ్రగ్‌లో ఉన్నవాళ్ళకి కన్ఫైన్డ్ స్పేస్‌ని (ట్యాంకు, రియాక్టర్ లాంటి ఇరుకు చోట్లలోకి దిగి చేసే పని) మించింది లేదు.

లోపలికి దిగేముందు చేసే గ్యాస్ టెస్టులో మొదట ఆక్సిజన్ (19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి), తర్వాత మండే ఆవిరి (ఎల్ఈఎల్‌లో, అంటే ఆవిరి అంటుకోవడానికి గాలిలో ఉండాల్సిన కనీస మోతాదులో, 10 శాతం లోపు), చివర విషవాయువులు. ఈ వరస ఎందుకో చెప్పకపోతే మూడోరోజుకి మర్చిపోతారు. డిటెక్టర్‌లోని క్యాటలిటిక్ సెన్సర్ ఆవిరిని తనలో మండించి కొలుస్తుంది. మండాలంటే ఆక్సిజన్ కావాలి కదా. నైట్రోజన్ నింపిన రియాక్టర్లో టోలుయిన్ అనే సాల్వెంట్ (కరిగించే ద్రవం) ఆవిరి దట్టంగా ఉన్నా ఎల్ఈఎల్ రీడింగ్ సున్నా దగ్గరే ఆగొచ్చు. ఆ సున్నా చూసి సూపర్‌వైజర్ పర్మిట్ (లోపలికి దిగడానికి ఇచ్చే అనుమతి కాగితం) మీద సంతకం పెట్టేస్తాడు.

ఇంకో తప్పు మ్యాన్‌హోల్ మూతి దగ్గర ఒక్క రీడింగ్ తీసి ఊరుకోవడం. సాల్వెంట్ ఆవిర్లు గాలికన్నా బరువు, అడుగున చేరతాయి. పైన, మధ్యన, అడుగున తీయాలి. గొట్టంతో లాగితే గాలి సెన్సర్‌ని చేరడానికే సమయం పడుతుంది. మీటరు గొట్టానికి ఎన్ని సెకన్లు ఆగాలో డిటెక్టర్ మాన్యువల్లో ఉంటుంది, ఆ అంకె వాళ్ళచేతే చదివించండి.

అసలు చావులు మాత్రం బయట కాపలా ఉన్నవాడి దగ్గర రెట్టింపవుతాయి. లోపలివాడు పడిపోగానే ఇతనూ దిగుతాడు. "దిగకూడదు" అని స్లైడులో రాస్తే సరిపోదు. ట్రైపాడ్ (ముక్కాలి స్టాండు), వించ్ (తాడు చుట్టి పైకి లాగే యంత్రం) బిగించి, 60 కిలోల ఇసుక బస్తాకి హార్నెస్ (ఒంటికి తొడిగే రక్షణ పట్టీలు) కట్టి, కేకవేసి వించ్ తిప్పడం ప్రతి ఒక్కరిచేతా చేయించాలి. బ్యాచ్ 20 దాటితే ఇది కుదరదు. కాంట్రాక్ట్ కార్మికుల్లో ఒడిశా, బీహార్ వాళ్ళుంటారు, హిందీలోనూ చెప్పగలగాలి.

క్లాసయ్యాక నవ్వుబొమ్మల ఫీడ్‌బ్యాక్ ఫారాలు వద్దు. నెల తర్వాత పది పర్మిట్లు తెరిచి, మూడు మట్టాల రీడింగులు టైముతో సహా ఉన్నాయో లేదో చూడండి. కంపెనీకి అది చూపిస్తేనే మళ్ళీ పిలుస్తారు.

పైప్‌ర్యాక్: రెండో టాపిక్‌గా ఎత్తులో పని తీసుకోండి. హార్నెస్ ఎలా తొడుక్కోవాలో అందరూ చెబుతారు, కింద ఎంత ఖాళీ కావాలో చెప్పరు. లాన్యార్డ్ (హార్నెస్‌ని కొక్కేనికి కలిపే తాడు) 1.8 మీటర్లు, పడే కుదుపుని తగ్గించే షాక్ అబ్సార్బర్ విచ్చుకోవడం దాదాపు 1.75, వీపు మీది రింగు నుంచి పాదాల దాకా 1.5, పైన ఒక మీటరు రక్షణ. తగిలించిన చోటు నుంచి నేలకి ఆరు మీటర్లు! నాలుగు మీటర్ల ఎత్తున్న పైపుల ర్యాక్ మీద కాళ్ళ దగ్గర కొక్కెం తగిలిస్తే నేలకి కొట్టుకుంటాడు.

బిల్లుబుక్కు: రేటు మనిషికింత అని చెప్పకండి, ఒకే గదిలో 60 మందిని కూర్చోబెడతారు. రోజుకింత, బ్యాచ్‌కి గరిష్ఠం 20 అని కొటేషన్లోనే రాయండి. మొదటి బిల్లుకి ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) చేయించుకోండి. అది ఉంటే చట్టప్రకారం కంపెనీ మీకు, ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే.

పరవాడ_కెమిస్ట్: అందరికీ ధన్యవాదాలండి. డిటెక్టర్ నేనే కొనాలా?

పర్మిట్_మాస్టర్: ఇప్పుడే వద్దండి. రేపు వాళ్ళు వాడేది వాళ్ళ ప్లాంటు డిటెక్టరే, దాంతోనే చేయించండి. ముందురోజు వెళ్ళి క్యాలిబ్రేషన్ స్టిక్కర్ తేదీ చూడండి, బంప్ టెస్ట్ (కొద్దిగా గ్యాస్ తగిలించి డిటెక్టర్ స్పందిస్తుందో లేదో చూడటం) గ్యాస్ సిలిండర్ గడువు కూడా. చాలాచోట్ల ఆ సిలిండర్ ఖాళీగానే ఉంటుంది.